ఎవరి బంతి, ఎవరి లెక్క? - స్పిన్నర్ల పోలికలో పల్వంకర్ బాలు

పెద్ద స్పిన్నర్ ఎవరైనా రిటైరైనా, చనిపోయినా మన పత్రికల్లో ఒక పట్టిక తప్పకుండా వస్తుంది. 2022 మార్చిలో షేన్ వార్న్ పోయినప్పుడు వచ్చింది. 2023 అక్టోబర్‌లో బిషన్ సింగ్ బేడీ పోయినప్పుడు వచ్చింది. 2024 డిసెంబర్‌లో అశ్విన్ అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకున్నప్పుడు మళ్లీ వచ్చింది. మురళీధరన్ 800, వార్న్ 708, కుంబ్లే 619, అశ్విన్ 537, బేడీ 266. ఈ అంకెల పక్కన ఒక సగటు, దాని పక్కన ఒక ఫొటో. ఇక మొదలవుతుంది వాదన: ఎవరు గొప్ప? బేడీ కాలంలో ఇన్ని మ్యాచ్‌లు ఎక్కడివి? మురళి బౌలింగా, విసురుడా? అశ్విన్ విదేశాల్లో ఏం చేశాడు? హాస్టల్ మెస్‌లో, టీ బంకు దగ్గర, బస్సులో ఈ వాదన వినని వాడుండడు. నేనూ చేసినవాణ్నే, గొంతు పోయేదాకా.

ఈ పట్టికల్లో అంకెలు తప్పని నేననడం లేదు. అవి ఎక్కడ మొదలవుతున్నాయో చూడమంటున్నాను. ఇండియా లెక్క 1932 జూన్‌లో, లార్డ్స్ మైదానంలో ఆడిన మొదటి టెస్టుతో మొదలవుతుంది. అంతకు ముందు ఈ దేశంలో బంతి తిప్పినవాడు పట్టిక ప్రకారం లేడు. ఆ 1932లో పల్వంకర్ బాలు వయసు 56 ఏళ్లు. అప్పటికి ఆయన బౌలింగ్ అయిపోయి పదేళ్లు దాటింది. ఆ సంవత్సరం సెప్టెంబర్‌లో ఆయన సంతకం క్రికెట్ స్కోరు పుస్తకంలో కాదు, పూనా ఒప్పందం మీద కనపడుతుంది. ఈ రెండో సంతకం సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు బంతి సంగతి.

వేర్వేరు కాలాల స్పిన్నర్లను పోల్చడం కుదరదని క్రికెట్ తెలిసినవాళ్లు చెప్పే కారణాలున్నాయి. అవి కొట్టిపారేసేవి కావు. ఇంగ్లండ్‌లో చాలా కాలం పిచ్‌లను వానకు కప్పేవాళ్లు కాదు. రాత్రి వాన పడి పొద్దున ఎండ కాస్తే పిచ్ జిగటగా మారి, ఎడమచేతి స్పిన్నర్‌ను ఆడటం ఎవరి తరమూ అయ్యేది కాదు. మన దగ్గర చాలా చోట్ల చాప పరిచి ఆడేవాళ్లు. చాప మీద బంతి తిరిగే తీరు వేరు, లేచే తీరు వేరు. ఎల్బీడబ్ల్యూ నిబంధన 1930ల మధ్యదాకా ఇప్పటిలా లేదు. బంతి వికెట్ల వరుసలో పడితేనే ఔట్. ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికి వచ్చిన బంతి ప్యాడ్‌కు తగిలితే బ్యాట్స్‌మన్ నవ్వుకుని నిలబడేవాడు. ఇప్పుడు కెమెరా వచ్చి, ముందరి కాలు చాచి ఆడేవాణ్ని కూడా ఔట్ అంటున్నది. అశ్విన్‌కు దొరికిన ఎల్బీలు బేడీకి దొరికేవి కావు, బేడీకి దొరికినవి బాలుకు దొరకవు. ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలని విమర్శకులు పదేపదే చెప్తారు. పిచ్‌కు వాన తగిలిందా లేదా అన్నది లెక్కించాలట. సరే, లెక్కిద్దాం. మరి బౌలర్‌కు నీళ్లు ఎవరు పోశారన్నది లెక్కించొద్దా?

బాలు 1876లో ధార్వాడ్‌లో పుట్టాడు. కులం చమార్. కొంకణ్‌లోని పల్వన్ ఊరి పేరే ఇంటిపేరైంది. తండ్రి సైన్యంలో పని చేస్తూ పూనాలో ఉన్నాడు. బాలు, తమ్ముడు శివరామ్ ఆఫీసర్లు ఆడి వదిలేసిన సామాన్లతో ఆట నేర్చుకున్నారు. మొదటి ఉద్యోగం పార్సీల క్లబ్బులో. పిచ్ ఊడవడం, రోలర్ తిప్పడం, జీతం నెలకు 3 రూపాయలు. 1892 ప్రాంతంలో యూరోపియన్ల పూనా క్లబ్బుకు మారాడు. అక్కడ 4 రూపాయలు. నెట్లు కట్టడం, గీతలు గీయడం, పిచ్ చూసుకోవడం, మధ్యమధ్య దొరలకు ప్రాక్టీసుకు బంతులెయ్యడం. ఇంగ్లిష్ బ్యాట్స్‌మన్ గ్రీగ్ అందరికంటే ముందొచ్చి గంటల తరబడి ఈ కుర్రాడితో బంతులేయించుకునేవాడు. తనను ఔట్ చేసినప్పుడల్లా ఎనిమిదణాలు ఇచ్చేవాడని ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ, రామచంద్ర గుహ 2002లో తెచ్చిన 'ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్' పుస్తకంలో ఇంకో మాట ఉంది. అది నాకు ఈ ఎనిమిదణాల కంటే ముఖ్యం. అన్ని వందల గంటలు నెట్స్‌లో బౌలింగ్ చేసిన బాలు చేతికి అక్కడ బ్యాట్ ఇవ్వలేదు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎవరు కష్టపడాలి, ఎవరు అందం చూపించాలి అనే పంపకం ఇది. బంతి వెయ్యడం చాకిరీ, బ్యాట్ ఊపడం దర్జా. స్పిన్ బౌలింగ్‌ను కళ అని, కవిత్వం అని ఎంతైనా పొగడొచ్చు. అది చేతికి వచ్చేదాకా మాత్రం ఒకే చోట ఒకే బంతిని రోజుకు కొన్ని వందల సార్లు వెయ్యాల్సిన కూలిపని. చూపుడు వేలు పక్క తోలు ఊడి, పుండై, కాయ కట్టాలి. దర్జీకి సూది, చెప్పులు కుట్టేవాడికి ఆరె, బౌలర్‌కు సీము. బాలు ఈ పని నేర్చుకున్నది వేరేవాళ్ల బ్యాటింగ్ బాగుపడటానికి. ఆయన నైపుణ్యం ఒక ఉద్యోగంలో మిగిలిన ఉప ఉత్పత్తి.

ఈ మాట ఎందుకంటున్నానో చూడాలంటే బాలును మురళితోనో వార్న్‌తోనో పోల్చి లాభం లేదు. ఆయన కాలంవాడు, ఆయన లాగే ఎడమచేతితో తిప్పినవాడు ఒకడున్నాడు. యార్క్‌షైర్ ఆటగాడు విల్‌ఫ్రెడ్ రోడ్స్. బాలు కంటే ఏడాదిన్నర చిన్న, 1877 అక్టోబర్‌లో పుట్టాడు. ఆయనదీ పెద్దింటి పుట్టుక కాదు. కుర్రతనంలో మిర్‌ఫీల్డ్ రైల్వే షెడ్డులో ఇంజన్లు తుడిచాడు. ఇంగ్లండ్‌లో అప్పుడు వర్గ భేదం మైదానంలోనే గీత గీసినట్టుండేది. డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లు జెంటిల్మెన్, జీతానికి ఆడేవాళ్లు ప్లేయర్స్. బట్టలు మార్చుకునే గదులు వేరు, చాలా చోట్ల మైదానంలోకి వచ్చే గేటు కూడా వేరు, స్కోరు కార్డు మీద పేరు రాసే తీరు వేరు. 1962లో గానీ ఈ తేడాను రద్దు చెయ్యలేదు. ఈ మాట చదివినప్పుడు మన రెండు గ్లాసుల పద్ధతి గుర్తుకు రాకుండా ఉండదు.

అయితే రోడ్స్‌కు నిచ్చెన ఉంది. తండ్రి కూడా ఊరి క్లబ్బులో ఆడినవాడే, కొడుకును ఆడమన్నాడు. 1898లో యార్క్‌షైర్‌కు వచ్చాడు, మరుసటి ఏడాదే టెస్టు ఆడాడు. 1900లో ఒక్క సీజన్‌లో 261 వికెట్లు, 1901లో 251. మొత్తం ఫస్ట్ క్లాస్ వికెట్లు 4 వేల పైచిలుకు. ఈ ప్రపంచంలో ఇంకెవరికీ లేవు. ఇవి అందరికీ తెలిసిన అంకెలే. నన్ను ఆపిన అంకె ఇంకొకటి. బౌలర్‌గా చివరి వరుసలో, 11వ స్థానంలో బ్యాటింగ్‌కు వచ్చిన ఈ మనిషి మెల్లమెల్లగా పైకెక్కి, 1911-12లో మెల్‌బోర్న్‌లో జాక్ హాబ్స్‌తో కలిసి ఓపెనింగ్‌కు దిగి మొదటి వికెట్‌కు 323 పరుగులు చేశాడు. పదకొండు నుంచి ఒకటి. జీతగాడైనా సరే, అతని చేతికి బ్యాట్ ఇచ్చారు, ప్రాక్టీసు ఇచ్చారు, ఓపిక పట్టారు. పూనా నెట్స్‌లో బ్యాట్ దొరకని బాలు ఎంత బ్యాటింగ్ చేసేవాడో మనకు తెలిసే దారి లేదు. ఆయన తమ్ముడు విఠల్ దేశంలోని మంచి బ్యాట్స్‌మెన్‌లలో ఒకడయ్యాడు. ఒకే ఇల్లు, ఒకే రక్తం. అన్న జీతం మీద పెరిగి, చదువుకుని, బ్యాట్ పట్టే అవకాశం తమ్ముడికి దొరికింది.

పట్టికలో రోడ్స్ పక్కన బాలు అంకెలు పెట్టి చూద్దాం. 33 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు, 179 వికెట్లు, సగటు 15.21. రోడ్స్ సగటు 16.7 దగ్గర. ఇది చూసి మనోళ్లు కొందరు "చూశారా, రోడ్స్‌ కంటే మనవాడే గొప్ప" అని చప్పట్లు కొడతారు. నేను కొట్టను. ఎగుడు దిగుడు పిచ్‌ల మీద తక్కువ సగటు రావడం వింత కాదు, వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడినవాడితో 33 మ్యాచ్‌ల లెక్క తూగదు. ఈ అంకెల్లో చూడాల్సింది వేరే ఉంది. బాలు మొదటి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ 1906 ఫిబ్రవరిలో, హిందూ జట్టు తరఫున బొంబాయిలో యూరోపియన్ల మీద. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు నిండబోతున్నాయి. బొంబాయిలో పార్సీలకూ యూరోపియన్లకూ జరిగే పోటీలను లెక్కలవాళ్లు 1892 నుంచే ఫస్ట్ క్లాస్ అన్నారు. హిందూ జట్టు అందులోకి వచ్చేసరికి 1906. అంటే స్పిన్నర్ చెయ్యి పదునుగా ఉండే పది పన్నెండేళ్లు రికార్డులో లేవు. రోడ్స్ ఆ వయసుకు వెయ్యి వికెట్లు దాటి చాలా దూరం పోయాడు.

ఆ 1906 మ్యాచ్‌లో హిందూ జట్టు 109 పరుగుల తేడాతో గెలిచింది. బాలు రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 8 వికెట్లు తీశాడు. పాలించే జాతిని వాళ్ల ఆటలో ఓడించారని జాతీయవాదులు పండగ చేసుకున్నారు. ఓడించిన చెయ్యి ఎవరిదన్నది అంత గట్టిగా రాసుకోలేదు.

1911 వేసవిలో పటియాలా మహారాజా నాయకత్వంలో అఖిల భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. మొత్తం 23 మ్యాచ్‌లు, 6 గెలుపులు, 15 ఓటములు. పంతొమ్మిదేళ్ల మహారాజాకు విందులతో, రాజుగారి పట్టాభిషేకం సందడితో తీరిక లేక ఎక్కువ మ్యాచ్‌లు ఆడనేలేదు. భారం బాలు భుజం మీద పడింది. నిజంగానే ఆ భుజం నొప్పితో బాధ పడుతూనే బంతులేశాడు. మొత్తం 114 వికెట్లు, సగటు 18.84. అందులో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 75, సగటు 20.12. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం మీద 103 పరుగులకు 8 వికెట్లు. వయసు 35. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో వాన లేక, ఎండలు మండిపోయి పిచ్‌లు రాళ్లలా ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అదే సీజన్‌లో రోడ్స్ 117 వికెట్లు తీశాడు, 2,261 పరుగులూ చేశాడు. నన్నడిగితే బాలు కొలతకు ఈ 1911 ఒక్కటే సరైన మచ్చు. కొత్త దేశం, కొత్త పిచ్‌లు, బలమైన కౌంటీలు, ఓడిపోయే జట్టు, అలిసిన భుజం. అయినా 20కి ఒక వికెట్. ఆ కాలపు మంచి కౌంటీ ఎడమచేతి బౌలర్ల పక్కన నిలబెట్టడానికి ఇది చాలు. రోడ్స్ కంటే గొప్పా అంటే చెప్పలేం. పాతికేళ్ల వయసులో ఆయన్ను అక్కడికి ఎవరూ తీసుకుపోలేదు గనక ఎప్పటికీ చెప్పలేం. ఆయన మొత్తం 179 వికెట్లలో 75 ఆ ఒక్క వేసవిలోవే. మిగతా 104 పదిహేనేళ్ల మీద, ఏడాదికి ఒకటో రెండో మ్యాచ్‌లలో వచ్చినవి.

మళ్లీ పూనాకు పోదాం. గ్రీగ్‌ను నెట్స్‌లో ఇబ్బంది పెట్టే బౌలర్ ఉన్నాడని తెలిశాక హిందూ క్లబ్బు వాళ్లకు చిక్కొచ్చి పడింది. యూరోపియన్లను ఓడించాలంటే ఈ చెయ్యి కావాలి. ఈ చెయ్యి కావాలంటే మనిషిని పిలవాలి. గుహ రాసిన దాని ప్రకారం క్లబ్బులోని కొందరు తెలుగు సభ్యులు బాలును తీసుకుందామన్నారు, స్థానిక మరాఠీ బ్రాహ్మణులు అంత సుముఖంగా లేరు. మన తెలుగువాళ్లు మంచివాళ్లని దీన్నుంచి తేల్చుకోవద్దు. ఇక్కడ ఊళ్లో మన మాల మాదిగలను మైదానంలోకి రానివ్వని కాలం అది. పరాయి చోట గెలవాలన్న కోరికకు కులపట్టు కొంచెం సడలిందని మాత్రం అనొచ్చు. చివరికి గ్రీగ్ కూడా, బాలును వదులుకుంటే హిందువులంత తెలివితక్కువవాళ్లు ఉండరన్నాక తీసుకున్నారు. తీసుకుని ఏం చేశారు? మైదానంలో ఆయన ముట్టిన బంతిని అందరూ ముట్టారు. విరామంలో ఆయనకు పెవిలియన్ బయట, వాడి పారేసే మట్టి ముంతలో టీ ఇచ్చారు. తిండి వేరే పళ్లెంలో, వేరే బల్ల దగ్గర. మొహం కడుక్కోవాలంటే అంటరాని కులం పనివాడే నీళ్లు పోయాలి.

స్పిన్నర్ సంగతి ఆలోచిస్తే ఇది ఇంకా లోతైన విషయం. ఫాస్ట్ బౌలర్ వికెట్ ఎగరగొట్టి తనంత తాను ఔట్ చేసుకుంటాడు. స్పిన్నర్‌కు పదిమంది కావాలి. స్లిప్‌లో పట్టేవాడు, షార్ట్ లెగ్‌లో వంగేవాడు, రెప్పపాటులో బెయిల్స్ లేపే కీపర్. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌ల గురించి మాట్లాడేటప్పుడు ఏకనాథ్ సోల్కర్ పేరు రాకుండా ఉండదు. బ్యాట్స్‌మన్ ముక్కు దగ్గర నిలబడి అతను పట్టిన క్యాచ్‌లు ఆ నలుగురి వికెట్ల సంచిలో సగం పుణ్యం. ఆ నలుగురు ఫీల్డర్‌తో కలిసి తిన్నారు, ఒకే బస్సులో పడుకున్నారు, రేపు ఎక్కడ నిలబడాలో రాత్రి మాట్లాడుకున్నారు. బాలు ఎవరితో మాట్లాడుకున్నాడు? తన బంతికి స్లిప్ ఒకడుగు వెనక్కి కావాలంటే ఎవరికి చెప్పాడు, ఏ గొంతుతో చెప్పాడు? ఎల్బీ సరిగా దొరకని కాలంలో, వికెట్లకు ఫీల్డర్ల చేతుల మీదే ఎక్కువ ఆధారపడి, ఆ చేతులున్నవాళ్ల పంక్తిలో కూర్చోలేని మనిషి 15 సగటుతో వికెట్లు తీశాడు. ఈ సంగతికి పట్టికలో గడి లేదు.

ఇంకో పక్క మాట. ఆ బంతి తోలుది. తోలు ముట్టినందుకే మా కులాలను వాడ బయట పెట్టారు. మీరట్, జలంధర్‌లలో ఈ రోజుకీ ఆ తోలు పనిలో ఎక్కువగా ఉన్నవి దళితుల చేతులే. తయారైన బంతిని తొడకు రుద్ది మెరుగు పెట్టుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అంటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నిర్ణయించే అధికారం ఎవరి దగ్గరుందో ఈ ఎర్ర బంతి చూపించినంత బాగా మన సిద్ధాంత వ్యాసాలు చూపించలేదు.

స్పిన్నర్ నాయకుడు కావడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఫీల్డింగ్ పెట్టుకోవడమే స్పిన్నర్ సగం బుర్ర. బేడీ, వెంకటరాఘవన్, కుంబ్లే ఇండియాకు కెప్టెన్లయ్యారు. బాలుకు హిందూ జట్టు నాయకత్వం ఇవ్వలేదు. 1913లో కెప్టెన్‌గా ఎంపికైన పాయ్ తానే లేచి, సీనియారిటీని బట్టి ఇది బాలుకు రావాల్సిందన్నాడు. 1920లో బాలును జట్టులోంచే తప్పించారు, విఠల్‌ను కాదని దేవధర్‌ను కెప్టెన్ చేశారు. విఠల్, శివరామ్ నిరసనగా తప్పుకుని బహిరంగ ప్రకటన ఇచ్చారు. ఆ రోజుల్లో దళితులు ఆట మైదానంలో చేసిన ఈ సమ్మె మన ఉద్యమ చరిత్రల్లో ఒక పేరాకైనా నోచుకోలేదు. గొడవ పెద్దదై, ఫైనల్‌కు బాలును వైస్ కెప్టెన్‌గా పిలవక తప్పలేదు. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు. మనం తెలుగువాడని చెప్పుకుని మురిసే సి.కె. నాయుడు ఆ విఠల్ నాయకత్వంలో ఆడినవాడే. 1932లో ఇండియా మొదటి టెస్టుకు నాయుడు కెప్టెన్ కావడం దగ్గర మన క్రికెట్ చరిత్ర మొదలుపెడతాం, పల్వంకర్ల పోరాటం అప్పటికే అయిపోయింది.

రోడ్స్ కూడా యార్క్‌షైర్‌కు కెప్టెన్ కాలేదు. జీతగాడు కెప్టెన్ కాకూడదు, అంతే. ఆటకు పనికిరాని అమెచ్యూర్లను తెచ్చి ఆ మహా బౌలర్ మీద కూర్చోబెట్టారు. వర్గం చేసిన పని అది, కులం చేసిన పని ఇది, రెండూ ఒకటే అనే మిత్రులున్నారు. సగం ఒప్పుకుంటాను. 1926లో అదే రోడ్స్‌ను ఇంగ్లండ్ సెలక్షన్ కమిటీలో కూర్చోబెట్టారు, 48 ఏళ్ల వయసులో ఓవల్ టెస్టుకు పిలిచారు, ఆయన ఆస్ట్రేలియాను కూల్చాడు. గది వేరైనా రోడ్స్ తాగిన కప్పును పగలగొట్టలేదు.

ఇలాంటిదే ఇంకో అభ్యంతరం వస్తుంది. రాజిందర్ గోయెల్ 750 ఫస్ట్ క్లాస్ వికెట్లు తీసి ఒక్క టెస్టు ఆడలేదు. పద్మాకర్ శివాల్కర్ 589 తీసి ఆడలేదు. ఇద్దరూ ఎడమచేతివాళ్లే. వాళ్లకూ పట్టికలో చోటు లేదు గదా, మరి కులం మాటెందుకు అంటారు. వాళ్లకు అన్యాయం జరగలేదని నేననను. వాళ్ల ముందు బేడీ ఉన్నాడు. ఒకే కుర్చీకి ముగ్గురు పోటీ పడ్డారు, ఒకడికి దక్కింది. బాలు కుర్చీ దాకా రాలేదు, ఆయన్ను గదిలోకే రానివ్వలేదు. క్యూలో వెనకబడటం వేరు, క్యూలో నిలబడనివ్వకపోవడం వేరు. 1990లో మండల్ వ్యతిరేక విద్యార్థులు రోడ్ల మీద చెప్పులు కుట్టి, ఊడ్చి 'మెరిట్' కోసం ఏడ్చినప్పుడు ఈ తేడానే కావాలని చెరిపేశారు. ఆటలో కులం లేదు, ఆట ఒక్కటే అచ్చమైన మెరిట్ అని అప్పట్నుంచి వింటున్నాం. ఆ పోటుగాళ్లు వెక్కిరింపుగా పట్టుకున్న చీపురూ, ఆరే బాలు ఇంటి పనిముట్లని వాళ్లకు తెలిసుంటే బాగుండేది.

'లగాన్' సినిమా 2001లో వచ్చింది. కథ జరిగేది 1893లో. అందులో కచ్రా అనే దళిత స్పిన్నర్ ఉన్నాడు; పేరుకు అర్థం చెత్త. అతని చెయ్యి వంకర. ఆ వంకర వల్లే బంతి తిరుగుతుంది. అతనిలో బౌలర్ ఉన్నాడని కనిపెట్టేది కథానాయకుడు భువన్. అతన్ని జట్టులోకి తేవడానికి ఊరితో వాదించేది భువన్. హ్యాట్రిక్ తీసి కచ్రా నవ్వుతాడు. సరిగ్గా ఆ ఏళ్లలోనే పూనాలో ఒక నిజం కుర్రాడు నెలకు నాలుగు రూపాయలకు దొర గారికి రోజూ బంతులేస్తున్నాడు. ఆయన చెయ్యి వంకర కాదు. ఆయన రెండు వైపులా తిప్పగలడు, వేగం మార్చగలడు, గాల్లో బంతిని ఆపినట్టు ఆపగలడు. ఇవన్నీ నేర్చుకున్నవి. దళితుడి నైపుణ్యం సినిమాలోకి రావాలంటే అది దేవుడిచ్చిన అవకరంగా రావాలా? పోలియో సోకిన చేత్తో 242 టెస్టు వికెట్లు తీసిన చంద్రశేఖర్ ఉన్నాడు, నిజమే. చంద్ర చేతిని వర్ణించినవాళ్లు వెంటనే ఆయన బుర్ర గురించి, గూగ్లీ గురించి రాశారు. కచ్రాకు బుర్ర పెట్టడం రచయిత మరిచిపోయాడు.

మురళీధరన్‌ను కూడా ఇందులోనే చూడాలి. శ్రీలంక కొండ ప్రాంతపు తమిళుడు. 1995 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్ అతని బంతులను విసురుడన్నాడు. ఏళ్ల తరబడి మోచెయ్యి కొలిచారు. చివరికి మిగతావాళ్లవీ కొలిస్తే, మచ్చ లేదనుకున్న ఫాస్ట్ బౌలర్ల మోచేతులూ వంగుతున్నాయని తేలింది. 2005 నుంచి అందరికీ 15 డిగ్రీల పరిమితి పెట్టారు. కొలబద్ద ఒకరి మీదే పెట్టినప్పుడు అతను దోషి, అందరి మీదా పెడితే కొలబద్దే మారింది. మురళికి ఆ కొలత కోసం అడిగే బోర్డు ఉంది, దేశం ఉంది. అర్జున రణతుంగ అనే కెప్టెన్ ఉన్నాడు. బాలు తరఫున ఎవరు అడగాలి?

మనం అడగాలి. ఇక్కడే మనకు ఇబ్బంది వస్తుంది. 1911 పర్యటన నుంచి తిరిగొచ్చాక బొంబాయిలో అణగారిన కులాలవాళ్లు బాలుకు సన్మానం చేశారు. ఆ సన్మాన పత్రం రాసింది యువకుడైన అంబేద్కర్ అంటారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ప్రత్యేక నియోజకవర్గాల ప్రశ్న మీద బాలు ఎం.సి. రాజాతో కలిసి ఉమ్మడి నియోజకవర్గాల వైపు, గాంధీ వైపు మొగ్గాడు. 1937లో బొంబాయి శాసనసభకు అంబేద్కర్ మీద కాంగ్రెస్ బాలును నిలబెట్టింది. అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలుకు 11,225. తేడా రెండు వేలే. ఆ ఓట్లు బౌలర్‌కు పడ్డాయా, కాంగ్రెస్‌కు పడ్డాయా అన్నది ఇప్పుడు తేలదు.

ఈ ఒక్క కారణంతో మన వేదికల మీద బాలు పేరెత్తని మిత్రులను నేనెరుగుదును. బాలును ఎత్తుకునే ఇంకో రకంవాళ్లూ ఉన్నారు. ఆయన ముంతలో టీ తాగిన కథ చెప్పి, 1937ను దాటేసి, "చూశారా, సహనంతో అందరి మనసు గెలిచాడు" అని మనకు బుద్ధి చెప్తారు. ఇద్దరూ బౌలింగ్ గురించి మాట్లాడరు. రాజకీయంగా బాలు తప్పు వైపు నిలబడ్డాడని నేననుకుంటున్నాను. పూనా ఒప్పందం వల్ల మనం ఏం పోగొట్టుకున్నామో రిజర్వుడు సీట్లలో గెలిచినవాళ్లను చూస్తే తెలుస్తుంది. ఆయన ఆ వైపు ఎందుకు పోయాడో మాత్రం ఆయన ఆటలోంచే కొంత అర్థమవుతుంది. ఏళ్ల తరబడి హిందూ జట్టు తరఫున బంతులేసి, ఒక్కో మెట్టు ఒక్కో వికెట్‌తో కొనుక్కున్నవాడు, ఆ జట్టులోనే నాయకత్వం వస్తుందని చివరిదాకా నమ్మినవాడు, వేరే జట్టు కడదామంటే ఒప్పుకోవడం కష్టం. తమ్ముడికి వచ్చింది గదా! ఇది సమర్థన కాదు. మనిషిని అర్థం చేసుకోవడానికి ఆయన పనిని చూడాలంటున్నాను. వికెట్లు చూసి ఓటును క్షమించనక్కర్లేదు, ఓటును చూసి వికెట్లు చెరపనక్కర్లేదు.

1955 జూలైలో బాలు బొంబాయిలో చనిపోయాడు. ఆయన గురించి ఇవాళ మనకు తెలిసినదానిలో చాలా భాగం రెండు చోట్ల నుంచి వచ్చింది: ఆ కాలపు ఇంగ్లిష్ పత్రికల మ్యాచ్ వార్తలు, తమ్ముడు విఠల్ 1948లో మరాఠీలో అచ్చేసిన ఆత్మకథ. ఆ ఇంట్లో ఒకడికి చదువు, రాత రాకపోతే ముంత సంగతి, వేరే బల్ల సంగతి ఏ స్కోరు కార్డులోనూ దొరికేవి కావు. 1892 నుంచి 1905 దాకా పూనా, బొంబాయి క్లబ్బుల మ్యాచ్‌ల స్కోర్లు పాత పత్రికల ఫైళ్లలో ముక్కలు ముక్కలుగా ఉండే అవకాశం ఉంది. మరాఠీ వచ్చిన మన పరిశోధక విద్యార్థులు ఎవరైనా అక్కడ కూర్చుని ఆ పదమూడేళ్లలో బాలు వేసిన ఓవర్లు, తీసిన వికెట్లు ఏరి రాయాలి. బంతి ఎవరు పట్టారన్నది కూడా స్కోరు కార్డులో ఉంటుంది, పేరుతో సహా.